సామానుకు ట్రాలీ, మనిషికి బస్సు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు మారి చూడు అన్న మాటను కూడ ఈ రోజుల్లో దానికి చేర్చవలసి ఉన్నది. పిల్లల చదువుల కోసం నంగునూరు నుంచి సిద్దిపేటకు మారేవారున్నారు. ఉద్యోగం చాలించుకొని పట్నం నుంచి స్వగ్రామానికి తిరిగి వచ్చేవారున్నారు. అన్నదమ్ములు వేరుపడి ఊళ్ళోనే కొత్త ఇంటికి పోయేవారున్నారు. ఎవరు ఎక్కడికి మారినా మన పల్లెల్లో సామాను మోసేది ఎక్కువగా ట్రాక్టరు ట్రాలీయే. పొద్దున ఎరువు మోసిన ట్రాలీని మధ్యాహ్నం కడిగి, బీరువాలు, మంచాలు, గంజులు, గోలేలు, వడ్ల బస్తాలు, పాత దర్వాజలు అన్నీ అందులోనే వేస్తారు. వాటిపైన పరుపులు పరుస్తారు. పరుపుల మీద ముసలమ్మను, పసిపిల్లలను కూర్చోబెడతారు. మడ్‌గార్డుల మీద ఇద్దరు, ఇంజనుకు ట్రాలీకి మధ్యనున్న ఇనుప కడ్డీ మీద ఒకరు నిలబడతారు. బండి కదులుతుంది.

ఈ దృశ్యం మనకు ఎంతగా అలవాటయిందంటే ఇందులో తప్పున్నదని ఎవరికీ తోచదు. తోచే రోజు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసి వచ్చింది.

ఊళ్ళకు ఊళ్ళు తరలిన జిల్లా మనది

ఇల్లు మారడమంటే ఏమిటో మన సిద్దిపేట జిల్లాకు తెలిసినంతగా మరే జిల్లాకూ తెలియదేమో. 2016 అక్టోబరు 11న మెదక్ నుంచి వేరుపడి జిల్లాగా ఏర్పడిన నాటి నుంచి ఇక్కడ కొన్ని గ్రామాలు కట్టకట్టుకొని తరలిపోయినవి. కొండపోచమ్మ సాగర్ కోసం బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి ప్రజలు ఇండ్లు విడిచినారు. మల్లన్న సాగర్ కోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు ఖాళీ అయి గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీలకు చేరినవి. యాభై టి.ఎం.సి.ల ఆ జలాశయాన్ని 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించేనాటికి అక్కడి గడపలు అక్కడ లేవు. తాతలనాటి దర్వాజలు, దూలాలు, రోళ్ళు, ఇసుర్రాళ్ళతో సహా మోయగలిగినదంతా జనం మోసుకొనిపోయినారు.

ఒక ఇంటిని ఎత్తి మరొక చోట దించడం ఎంత బరువైన పనో ఆ కుటుంబాలు చెప్పగలవు. ఆ బరువులో సగం మనసుకు సంబంధించినది. దానికి ఎవరూ ఏమీ చేయలేరు. మిగిలిన సగం ట్రాలీకి, టైర్లకు, బ్రేకులకు సంబంధించినది. దాని విషయంలో మాత్రం మనం చేయగలిగినది చాలా ఉన్నది.

2018 నేర్పిన పాఠం

ట్రాలీలో మనుషులను ఎక్కించుకొనిపోతే ఏమవుతుందో చెప్పడానికి దూరదేశాల ముచ్చట అక్కరలేదు. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పి.ఎ. పల్లి మండలంలో కూలీలతో పోతున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు మరణించారు. మూడు నెలలు తిరగకముందే జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం వద్ద మరొక ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. రెండు ప్రమాదాల్లోను పోయినవారు పొద్దున లేచి కూలికి బయలుదేరిన పేదలే.

2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ దగ్గర గుడికి పోయి తిరిగి వస్తున్న భక్తుల ట్రాలీ నీటిగుంటలో బోల్తాపడగా 26 మంది చనిపోయారు. ట్రాక్టరు ట్రాలీలను సామాను మోయడానికి, సేద్యానికి తప్ప మనుషుల ప్రయాణానికి వాడవద్దని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రజలను కోరవలసి వచ్చింది. దేశం మొత్తం మీద ఆ ఒక్క 2022లోనే రోడ్డు ప్రమాదాల్లో లక్షా 68 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్పుతున్నది.

బస్సు బోల్తాపడితే చుట్టూ రేకు, పైన కప్పు కొంత కాపాడవచ్చును. ట్రాలీ బోల్తాపడితే కాపాడేది ఏదీ లేదు. అందులోని మనిషి కింద, ఇనుప డబ్బా పైన. ఇల్లు మారేటప్పుడైతే డబ్బాతో పాటు బీరువా, రోలు, మంచం కోళ్ళు కూడ మీద పడతాయి. కూలికి పోయే ట్రాలీ కంటె సామాను ట్రాలీలో కూర్చున్నవారికి ప్రమాదం ఈ విధంగా రెండింతలు.

కచ్చరం నేర్పిన లెక్క

ట్రాలీ ఎందుకు బోల్తాపడుతుంది? అదృష్టం చాలకనో, దిష్టి తగిలియో కాదు. దానికొక లెక్క ఉన్నది. ఆ లెక్క మన పెద్దలకు కొత్తది కాదు.

ఎడ్లబండి కట్టిన ప్రతి రైతుకూ తెలుసు. బండిలో బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడల మీద పడి అవి కుంగిపోతాయి. బరువు వెనుకకు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతులు బిగుసుకుంటాయి. అందుకే గడ్డి వేసినా, బస్తాలు వేసినా ఇరుసుకు కొంచెం ముందుకు బరువు ఉండేటట్లు చూసి, కాడి మెడ మీద తేలికగా ఆనేలాగున సర్దేవారు. చక్రాలు రెండే కనుక ఆ సర్దుబాటు తప్పదు.

నేటి రెండు చక్రాల ట్రాలీకి కూడ ఇదే లెక్క వర్తిస్తుంది. ఎడ్ల మెడ స్థానంలో ట్రాక్టరు హుక్కు వచ్చింది, అంతే. బరువంతా ట్రాలీ వెనుక భాగంలో వేస్తే ముందు కొస పైకి లేచి హుక్కును ఎత్తుతుంది. ట్రాక్టరు పెద్ద చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది, ట్రాలీ పామువలె అటూ ఇటూ ఊగుతుంది. బరువంతా మరీ ముందుకు వేస్తే హుక్కు కుంగి, ఇంజను ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు తిప్పినా బండి తిరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేవడం మనం చూస్తూనే ఉన్నాము. అందుచేత ఇరుసుకు వెనుక ఉన్నదాని కంటె ముందు కొద్దిగా ఎక్కువ బరువు ఉండాలి. ఎడమకు, కుడికి సమానంగా ఉండాలి.

అమెరికాలో ఉంటున్న మన ఊరి పిల్లలకు కూడ ఈ లెక్క ఎదురవుతుంది. అక్కడ ఇల్లు మారేవారు సొంత కారుకే చిన్న ట్రైలరు తగిలించుకొని పోతారు. అటువంటి ట్రైలర్లను కిరాయికి ఇచ్చే యూ-హాల్ కంపెనీ 1945 నుంచి ఉన్నది. సామానులో నూటికి అరవై పాళ్ళు బరువు ట్రైలరు ముందు సగంలో పెట్టవలెనని, గంటకు 55 మైళ్ళు, అంటే సుమారు 88 కిలోమీటర్లు మించి నడపరాదని ఆ కంపెనీ చెప్పుతుంది. నున్నని, నాలుగు వరుసల రోడ్ల మీద, సామాను కోసమే చేసిన ట్రైలరుకు పెట్టిన కట్టుబాటు అది. మన గుంతల రోడ్ల మీద, ఎరువు మోసే ట్రాలీకి ఎంత జాగ్రత్త కావాలో పాఠకులే ఆలోచించుకోవచ్చును. ఇది చూసి మన దగ్గర ఎవరైనా వెల్డింగు షాపులో కారుకు హుక్కు అతికించుకొని ట్రాలీ లాగుదామనుకుంటే అది మరీ ప్రమాదం. ఆ కారు ఎంత బరువు లాగగలదో కంపెనీ చెప్పి ఉండాలి. ట్రైలరుకు వేరుగా రిజిస్ట్రేషను ఉండాలి. ఈ రెండూ లేనప్పుడు ఆ ఆలోచన మానుకోవడమే మంచిది.

ఇంటి సామానుకు మరొక చిక్కు ఉన్నది. వడ్లు బరువు ఎక్కువ, ఎత్తు తక్కువ. ఇంటి సామాను బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. ఒక్క ట్రిప్పులోనే అన్నీ పోవాలని మంచం మీద మంచం, బీరువా పక్కన బీరువా నిలబెట్టి తాటిచెట్టంత ఎత్తు పేర్చుతారు. బరువు పైకి పోయినకొద్దీ మలుపులో బండి పక్కకు వాలుతుంది. ఒక చక్రం గుంతలో దిగితే చాలు. ఎత్తుగా పేర్చిన ఆ తేలిక ట్రాలీయే నిండు వడ్ల ట్రాలీ కంటె ముందు పడిపోతుంది.

బ్రేకు ఒకరికి, బరువు మరొకరికి

ట్రాక్టరు ఇంజను బరువు సుమారు రెండు టన్నులు. వెనుక నిండిన ట్రాలీ అంతకు రెట్టింపు కూడ ఉండవచ్చును. మన వైపు తిరిగే ట్రాలీలలో చాలావాటికి సొంత బ్రేకులు లేవు. ముందున్న రెండు టన్నుల ఇంజనే తనను తాను ఆపుకొని, వెనుకనున్న నాలుగు టన్నులను కూడ ఆపవలసి ఉన్నది. దిగువలో గట్టిగా బ్రేకు వేస్తే ఇంజను నిలబడుతుంది, ట్రాలీ నిలబడదు. అది వెనుక నుంచి నెట్టి ఇంజనును పక్కకు తిప్పివేస్తుంది. డ్రైవరు ఎంత నేర్పరి అయినా అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

వేగం సంగతి కూడ చెప్పుకోవాలి. వేగం రెట్టింపు అయితే బండిని ఆపడానికి కావలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో పది అడుగుల్లో ఆగే బండికి 40 కిలోమీటర్ల వేగంలో నలభై అడుగులు కావాలి. గొర్రెల మంద అడ్డం వచ్చినా, పిల్లవాడు రోడ్డు దాటినా ఆ ముప్పై అడుగుల తేడాయే చావుబతుకుల తేడా.

ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి రెండు బ్రేకు పెడళ్ళు ఉండడం రైతులందరికీ తెలుసు. దుక్కిలో మలుపు తిప్పడానికి అవి విడివిడిగా కావాలి. రోడ్డెక్కేటప్పుడు మాత్రం రెంటినీ కలిపి కొక్కెం వేయాలి. ఇది మరచి ఒక్క పెడలు తొక్కితే ఒక్క చక్రమే ఆగి బండి గిరుక్కున తిరుగుతుంది. పొలం నుంచి నేరుగా సామాను కిరాయికి వచ్చిన ట్రాక్టరులో ఈ కొక్కెం వేసి ఉన్నదో లేదో ఇంటి యజమాని కూడ అడిగి తెలుసుకోవడంలో తప్పులేదు.

డీజిలు మిగులుతుందని దిగువలో న్యూట్రలు చేసి వదిలే డ్రైవర్లున్నారు. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. న్యూట్రలులో ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకు మీదనే పడుతుంది. మిగిలే డీజిలు చెంచాడు, పోయేది ప్రాణం.

బయలుదేరే ముందు చూడవలసినవి

పని కష్టమైనది కాదు. అరగంట ఓపిక చాలు.

మొదట పిన్ను చూడాలి. ఇంజనునూ ట్రాలీనీ కలిపేది ఆ ఒక్క ఇనుప పిన్నే. అసలు పిన్ను పోయిందని బోల్టు, సలాక ముక్క, గడ్డపార ముక్క దూర్చి నడుపుతున్నవారు ఉన్నారు. కుదుపులకు అది విరిగినా, పైకి లేచి వచ్చినా ట్రాలీ తన దారిన తాను పోతుంది. సరైన పిన్ను, దాని కింద క్లిప్పు తప్పనిసరి. దానికి తోడు ఒక గట్టి గొలుసును ఇంజనుకు ట్రాలీకి కలిపి కట్టుకుంటే పిన్ను మోసం చేసినా గొలుసు కాపాడుతుంది. హుక్కు తగిలించేటప్పుడు ఇంజనుకు ట్రాలీకి మధ్య మనిషి నిలబడరాదు. ఇంజను పూర్తిగా ఆగిన తరువాతనే పిన్ను వేయడానికి పోవాలి.

తరువాత టైర్లు. ఇంజను టైర్లకు గాలి చూసేవారు ట్రాలీ టైర్లను చూడరు. అరిగి దారాలు తేలిన టైరు నిండు బరువుతో పగిలితే బండి ఆ పక్కకే పడుతుంది. చక్రాల నట్లు కూడ ఒకసారి బిగించి చూడాలి.

సామాను పేర్చే తీరు మూడవది. రోలు, ఇసుర్రాయి, వడ్ల బస్తాలు, ఇనుప పెట్టెలు అడుగున, ఇరుసుకు కొంచెం ముందుగా రావాలి. బీరువాను ఖాళీ చేసి, తలుపులకు తాళం వేసి, ముందు గోడకు ఆనించి కట్టాలి. మంచాలు విప్పి పక్కలకు పెట్టాలి. పరుపులు, బట్టల మూటలు పైన. ట్రాలీ గోడల కంటె మరీ ఎత్తు పోతున్నదంటే రెండవ ట్రిప్పు అవసరమని అర్థం. గోలేలలో, డ్రమ్ములలో నీళ్ళు ఉంచరాదు. నీరు ఊగితే బండి కూడ ఊగుతుంది. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు తీసి, మూత బిగించి, నిలువుగా ఉంచాలి. దానిని ఎన్నడూ మూసిన కారులో పెట్టరాదు. ఇన్వర్టరు బ్యాటరీని పడుకోబెట్టరాదు. పట్టాదారు పాసు పుస్తకాలు, బంగారం, పిల్లల సర్టిఫికెట్లు ట్రాలీలో వేయక మనిషి వెంట ఉంచుకోవాలి.

నాలుగవది మోకు. సామానంతటినీ టార్పాలినుతో కప్పి, అడ్డంగా నిలువుగా మోకుతో బిగించి, ట్రాలీ కొక్కేలకు కట్టాలి. బయలుదేరిన రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి బండి ఆపి మోకు చూడాలి. కుదుపులకు సామాను సర్దుకొని మోకు వదులవుతుంది. మొదట బిగువుగా ఉన్నదే తరువాత ఊడిపోతుంది.

ఐదవది కరెంటు తీగ. ఊళ్ళల్లో కొన్ని చోట్ల తీగలు చేతికందే ఎత్తులో వేలాడుతున్నవి. ఎత్తు సామానుతో పోయేటప్పుడు పైన ఒక మనిషి కూర్చొని కర్రతో తీగను పైకెత్తి బండిని దాటించడం చాలా ఊళ్ళలో జరుగుతున్న పని. పచ్చి కర్ర, చెమట చేయి, ఇనుప మంచం, ఈ మూడింటిలో ఏది చాలదు? ముందుగా దారి నడిచి చూసుకోవాలి. తీగ తక్కువ ఎత్తులో ఉన్న చోట వేరే దారి పట్టాలి. లేదా లైనుమనుకు చెప్పి సరఫరా ఆపించుకోవాలి.

చివరిది వెలుగు. ట్రాలీ వెనుక ఎర్ర దీపం వెలగని బండి చీకటిలో రోడ్డు మీది బండరాయితో సమానం. వేగంగా వచ్చే మోటారు సైకిలువాడు దానిని చూసేలోపే గుద్దుకుంటాడు. మన ఊళ్ళ యువకులు ఎందరో ఈ విధంగా ఆగి ఉన్న ట్రాలీలకు బలి అవుతున్నారు. వెనుక, పక్కల మెరిసే స్టిక్కర్లు అంటించడానికి అయ్యే ఖర్చు ఒక పూట చాయ ఖర్చు కంటె ఎక్కువ కాదు. సాధ్యమైనంత వరకు సామాను పగటిపూటనే తరలించాలి.

ముహూర్తం ఎవరికి?

ఇక్కడ ముహూర్తం సంగతి వస్తుంది. గృహప్రవేశం తెల్లవారుజామున నాలుగు గంటలకని అయ్యగారు చెప్పినారనుకుందాం. ఆ గడియ లోపల సామానంతా చేరాలని అర్ధరాత్రి ట్రాలీ నింపుతారు. నిద్ర లేని డ్రైవరు, వెలగని దీపం, దాటిపోతున్న గడియ, ఇవన్నీ కలిస్తే ఏమి జరుగుతుందో చెప్పనక్కరలేదు.

ముహూర్తం పాలు పొంగించడానికి, దీపం పెట్టడానికి. బీరువాకు, ఫ్రిజ్‌కు ముహూర్తం లేదు. దేవుని పటాలు, దీపపు కుంది, కొత్త గంజు, బియ్యం, పసుపు కుంకుమ వెంట పెట్టుకొని ఇంటివారు కారులోనో ఆటోలోనో పోయి శాస్త్రం జరిపించుకోవచ్చును. సామాను ముందు రోజు పగలు పోవచ్చు, మరునాటి పగలు కూడ పోవచ్చు. ఇందువల్ల ఆచారానికి వచ్చే లోటు లేదు.

చట్టం ఏమంటున్నది?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరుకు కూడ రిజిస్ట్రేషను ఉండాలి. వాహనం లోపల తప్ప ఫుట్‌బోర్డు మీద, బానెట్ మీద, పైకప్పు మీద మనుషులను ఎక్కించుకొనిపోవడాన్ని 123వ సెక్షను నిషేధించింది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలతో జరిమానాలు పెరిగినవి. లైసెన్సు లేకుండా నడిపితే ఐదు వేలు, మోయదగినదాని కంటె ఎక్కువ బరువు వేస్తే 20 వేలు, దానిపై ప్రతి అదనపు టన్నుకు రెండు వేలు. మైనరు పిల్లవానికి బండి ఇచ్చి ప్రమాదం జరిగితే తండ్రికో, యజమానికో మూడేండ్ల వరకు జైలు, 25 వేల జరిమానా పడుతుంది. ఆ వాహనం రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. పదో తరగతి పిల్లవానికి ట్రాక్టరు ఇచ్చి ‘మావాడు ఇంజను బాగా నడుపుతాడు’ అని మురిసిపోయే తండ్రులు ఈ సంగతి గమనించవలెను.

జరిమానాల కంటె ముఖ్యమైనది బీమా. ట్రాక్టరుకు బీమా ఉన్నది గదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ బీమా చాలావరకు వ్యవసాయ పనికి, ఇంజనుకు, డ్రైవరుకు మాత్రమే. ట్రాలీకి వేరుగా బీమా కట్టి ఉండకపోవచ్చు. సామాను బండిలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికునికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులోనే తీర్పు చెప్పింది. 2007లో అదే కోర్టు ముందుకు మట్టి పనికి పోయి ట్రాలీ ప్రమాదంలో గాయపడిన ఒక కూలీ కేసు వచ్చింది. ట్రాక్టరు బీమా వ్యవసాయానికి మాత్రమేననీ, ట్రాలీకి బీమా లేదనీ, కనుక కంపెనీకి బాధ్యత లేదనీ కోర్టు తేల్చింది. కూలీ నిరుపేద అయినందున తన ప్రత్యేక అధికారంతో కంపెనీ ముందు చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకోవాలని ఆదేశించింది.

దీని అర్థం ఏమిటి? సాయం చేద్దామని ట్రాక్టరు ఇచ్చిన రైతు చివరకు భూమి అమ్మి పరిహారం కట్టవలసి రావచ్చును. లేదా కాళ్ళు పోయిన చుట్టానికి పైసా కూడ రాకపోవచ్చును. ఒక ట్రిప్పు కిరాయి మిగిలించుకోవడానికి రెండు కుటుంబాలు ఈ ప్రమాదంలో తలదూర్చడం ఎంతవరకు న్యాయం?

పేదల మాట

ఇవన్నీ చెప్పడం సులభమే, ఆచరించేదెట్లా అని గ్రామస్థులు అడగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. లారీ, డి.సి.ఎం. కిరాయి అందరూ పెట్టలేరు. ట్రాక్టరు ఇంటి ముందరి వరకు వస్తుంది, తెలిసినవాడు కాబట్టి డీజిలు పోస్తే చాలునంటాడు. కనుక ట్రాలీలో సామాను తేవద్దని మేము అనడం లేదు. ట్రాలీ ఉన్నదే సామాను కోసం. మనుషులను మాత్రం దించండి అంటున్నాము.

మనుషులు పోవడానికి దారి లేదా? 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు. అవ్వ, కోడలు, ఆడపిల్లలు నయాపైసా ఖర్చు లేకుండా సిద్దిపేటకు, హుస్నాబాద్‌కు పోవచ్చును. మగవారికి టిక్కెట్టు ఖర్చు పెద్దది కాదు. బస్సు లేని ఊళ్ళలో ఒక ఆటో చెప్పుకుంటే ఇంటిల్లిపాదీ చేరతారు. డ్రైవరు పక్కన కూర్చోవడానికి ట్రాక్టరులో జాగ లేదు. మడ్‌గార్డు కూర్చునే పీట కాదు.

‘సామాను పడిపోకుండా పైన ఎవరైనా పట్టుకొని ఉండాలి గదా’ అనేవారున్నారు. అది మోకు చేయవలసిన పని. బీరువా ఒరిగితే మనిషి పట్టుకుంటే ఆగదు, మనిషినే తీసుకొని కింద పడుతుంది. ‘పది కిలోమీటర్లే గదా’ అనేవారూ ఉన్నారు. వలిగొండ కూలీలు పోతున్నది దూర ప్రయాణం కాదు, పక్కనున్న చేలకే.

ఎవరి బాధ్యత ఎంత?

ఈ విషయంలో అందరికీ పని ఉన్నది. ట్రాక్టరు యజమానులు ట్రాలీకి రిజిస్ట్రేషను, బీమా చేయించుకోవాలి. మనుషులెక్కితే ఇంజను స్టార్టు చేయనని డ్రైవరు గట్టిగా చెప్పాలి. అట్లా చెప్పిన డ్రైవరును కసురుకోక గౌరవించడం ఇంటి యజమాని వంతు. తాగి వచ్చిన డ్రైవరును, కిరాయి బేరం అయిపోయినా సరే, వెనుకకు పంపాలి.

గ్రామ పంచాయతీలు తమ ఊరి ట్రాలీలన్నింటినీ ఒక రోజు పిలిపించి వెనుక మెరిసే స్టిక్కర్లు అంటించే కార్యక్రమం పెట్టుకోవచ్చును. ఖర్చు స్వల్పం, ఫలితం కండ్లకు కనబడుతుంది. కిందికి వేలాడే తీగలను విద్యుత్ శాఖ సరిచేయాలి. మలుపులలో, కల్వర్టుల వద్ద గోడలు లేని చోట్ల రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ రక్షణ రాళ్ళైనా నాటించాలి. కాలువ గట్ల వెంట కొత్తగా పడిన దారులకు ఇది మరీ ముఖ్యం. రంగనాయక సాగర్ వంటి జలాశయాల వల్ల మన ప్రాంతానికి నీరు వచ్చింది, సంతోషమే. నీటితో పాటు కాలువ గట్టు మీద ట్రాక్టరు నడిపే ప్రమాదం కూడ వచ్చింది.

రవాణా అధికారులు, పోలీసులు ప్రమాదం జరిగిన మరునాడు వారం రోజులు తనిఖీలు చేసి ఊరుకోవడం కాదు. పంటకోతల కాలంలో, శ్రావణంలో, బడులు తెరిచే జూన్‌లో ట్రాలీలు ఎక్కువగా తిరుగుతాయి. ఆ కాలాలలో ముందుగానే ఊళ్ళకు వచ్చి నచ్చచెప్పాలి. పేదవాని ట్రాలీని పట్టుకొని జరిమానా వేసే ముందు అందులోని మనుషులను దించి బస్సెక్కించడం నిజమైన సేవ. మధ్యాహ్నం తరువాత బస్సు లేని ఊళ్ళకు ఒక్క ట్రిప్పు పెంచినా ఆర్టీసీ ఎన్నో ప్రాణాలను కాపాడినదవుతుంది.

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం జరిగితే గాయపడినవారిని ట్రాలీ కింద నుంచి లాగే ముందు ఇంజను ఆపాలి, 108కి ఫోను చేయాలి. సాయం చేసినవారిని సాక్ష్యాలకు తిప్పి ఇబ్బందిపెట్టరాదని 2019 సవరణలోనే రక్షణ ఉన్నది. కేసులకు భయపడి ఎవరూ దూరంగా నిలబడనక్కరలేదు.

నంగునూరు మండలం నర్మెటలో 2017లో పురావస్తు శాఖవారు ప్రాచీన సమాధులను తవ్వినప్పుడు బయటపడిన పెద్ద మూతబండను లేపడానికి క్రేన్లు తేవలసి వచ్చింది. ఇంజను, టైరు, ఇనుప పిన్ను ఏవీ లేని కాలంలో మన ఊరివారే ఆ బండను తెచ్చి అక్కడ పెట్టినారు. బరువును కదిలించడానికి బలం కంటె ముందు ఆలోచన, ఓపిక కావాలని వారికి తెలుసు. మనకు బలం వచ్చింది, ఇంజను వచ్చింది. ఓపికను మాత్రం పోగొట్టుకోరాదు.

కొత్త ఇంట్లో పాలు పొంగే వేళకు ఇంటిల్లిపాదీ అక్కడ ఉండాలి. సామాను ఒక పూట ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు.